ప్రభుత్వోద్యోగులు – శాసనసభాభ్యర్థిత్వము

ఓరుగల్లు నగరములో నేడు కలిసిపోయిన ఎనుమాముల పేరు వినని రైతు తెలంగాణమున అరుదు. పత్తి, మిరప, పసుపు, మొక్కజొన్న మొదలగు పంటలు చుట్టుప్రక్కల జిల్లాలనుండి ఇచ్చటి వ్యవసాయ మార్కెటునకు చేరుచుండును. ఆ మార్కెటు గిడ్డంగులకే యెన్నికల కాలమున మరియొక పని కలుగుచున్నది. 2023 డిసెంబరు 3వ తేదీని శాసనసభ యెన్నికల వోట్లను, 2024 జూన్ 4వ తేదీని వరంగల్లు లోకసభ స్థానపు వోట్లను అచ్చటనే లెక్కించిరి. వోటు యంత్రములను భద్రపరచినవారు, కాపలా కాచినవారు, లెక్కించినవారు, ఫలితమును ప్రకటించినవారు అందరును ప్రభుత్వోద్యోగులే. రైతు బస్తాలను తూచు తావునను, ప్రజల వోట్లను లెక్కించు తావునను నమ్మకమునకు ఆధారమొక్కటియే. కాంటా పట్టినవానికి ఆ సరుకుతో స్వలాభము లేదను విశ్వాసమే అది.

ఈ విశ్వాసముతో ముడివడిన ప్రశ్న యొకటి మన రాష్ట్రములందు ఎన్నికలు వచ్చినప్పుడెల్ల తలయెత్తుచున్నది. ప్రభుత్వోద్యోగి ఉద్యోగమునందుండియే శాసనసభకు పోటీ చేయవచ్చునా? చేయరాదనినచో, ఉద్యోగము వదలిన మరునాడే చేయవచ్చునా? అట్లు వదలుటకు అనుమతి నిచ్చునది, నిరాకరించునది ఎవరు? మొదటి ప్రశ్నకు మన రాజ్యాంగము సమాధానము చెప్పినది. తక్కిన రెండు ప్రశ్నలకు సరియైన సమాధానము నేటికిని లేదు. ఉద్యోగమును అభ్యర్థిత్వమును ఒక్కచేత పట్టుకొనుట యెంతమాత్రమును తగదనియు, అయితే ఉద్యోగము విడిచి వచ్చు ద్వారము చిన్నవానికిని పెద్దవానికిని, అధికారపక్షమునకు ఇష్టుడైనవానికిని కానివానికిని ఒకే తీరున తెరవబడవలెననియు మా నిశ్చితాభిప్రాయము. నేడట్లు తెరవబడుట లేదు.

చట్టము చెప్పునది

రాజ్యాంగములోని 102వ అధికరణము పార్లమెంటు సభ్యులకును, 191వ అధికరణము రాష్ట్ర శాసనసభ్యులకును వర్తించును. కేంద్ర ప్రభుత్వముక్రింద గాని రాష్ట్ర ప్రభుత్వముక్రింద గాని లాభదాయకమైన పదవి ననుభవించువాడు సభ్యుడుగ నెన్నుకొనబడుటకు అనర్హుడు. మంత్రిపదవి ఈ నిషేధములోనికి రాదని రాజ్యాంగమే చెప్పుచున్నది. శాసనసభలు చట్టముచే మినహాయించిన పదవులును రావు. ఇదిగాక 1964 నాటి ప్రవర్తనా నియమములు ఉద్యోగి రాజకీయ పక్షమున సభ్యుడగుటను, ఎన్నికల ప్రచారము చేయుటను నిషేధించినవి. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టము మరియొక యడుగు ముందునకు వేసి, అభ్యర్థి తన గెలుపునకై గెజిటెడు అధికారులు, పోలీసులు, రెవిన్యూ అధికారులు మొదలగువారి సహాయమును పొందుట అవినీతికరమైన చర్యయని శాసించినది. ఉద్యోగి అభ్యర్థికి ఏజెంటుగ కూర్చుండినను శిక్షకు పాత్రుడగును.

ఈ చివరి నియమము ఎంత పదునైనదో 1975లో దేశమంతయు చూచినది. ప్రధానమంత్రి కార్యాలయమున ప్రత్యేకాధికారిగ నుండిన యశపాల్ కపూర్ 1971 జనవరి 13న రాజీనామా చేసెను. దానిని జనవరి 14నుండి వర్తించునట్లు ఆమోదించిన ప్రకటన జనవరి 25న వెలువడెను. మధ్యనున్న ఆ కొలది దినములలో ఆయన ఉద్యోగియా, కాడా? ఉద్యోగియేయని అలహాబాదు హైకోర్టు 1975 జూన్ 12న తీర్పు చెప్పుట ఇందిరాగాంధి యెన్నిక రద్దగుటకు ఒక కారణమయ్యెను. చట్టములు సవరింపబడిన పిదప అదే సంవత్సరము నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును త్రోసివేసినను, ఒక విషయము మాత్రము తేటపడినది. రాజీనామా తేదీ కాగితముపై నుండు చిన్న యంకె కాదు. రాజ్యమునే కదలింపగల యంకె అది.

నాటి అధికారసభ్యులు

ఉద్యోగి శాసనసభలో కూర్చుండినచో తప్పేమని కొందరడుగుదురు. ఈ ప్రశ్నకు మన చరిత్రయే సమాధానము. 1909 సంస్కరణములనాడు కేంద్ర శాసనసభలో అధికారసభ్యులదే ఆధిక్యముగ నుండునట్లు తెల్లదొరతనము కట్టుదిట్టము చేసికొనెను. వారు ప్రభుత్వపు జీతము తినువారు కావున ప్రభుత్వము చెప్పినట్లే వోటు వేసిరి. 1919 మార్చినెలలో రౌలట్ చట్టము శాసనసభ ముందునకు వచ్చినప్పుడు ఎన్నికైన భారతీయ సభ్యులు ఎదిరించినను ఆ చట్టము నెగ్గినది. దానిని నెగ్గించినది అధికారసభ్యుల వోట్లే. మరునెలలో జలియన్‌వాలాబాగున ప్రవహించిన రక్తమునకు ముందుమాట ఆ సభలో జీతగాండ్ర చేతులతో వ్రాయబడినది. నిజాం రాజ్యమున 1893లో ఏర్పడిన శాసనసభయందును పైచేయి అధికారులదే.

ఈ యనుభవము చేతనే 1919 నాటి భారత ప్రభుత్వ చట్టములో ఉద్యోగి ఎన్నికకు అర్హుడు కాడనియు, ఎన్నికైన సభ్యుడు ప్రభుత్వోద్యోగము స్వీకరించినచో అతని స్థానము ఖాళీయగుననియు నియమము చేరెను. కాని అధికారసభ్యులను ప్రభుత్వమే నియమించు పద్ధతి మాత్రము పోలేదు. ప్రజలముందు నిలిచి గెలుచుటకు ఉద్యోగికి వీలులేదు, దొర నియమించినచో సభలో కూర్చుండుటకు మాత్రము వీలున్నది! రాజ్యాంగ నిర్మాతలు ఆ విపరీతమును తొలగించి నిషేధమును సంపూర్ణము చేసిరి.

ఇంగ్లండునందును ఈ సూత్రము పోరాటమునుండియే పుట్టినది. రాజు పదవులు పంచిపెట్టి సభ్యులను కొనివేయుచున్నాడను భయముతో, రాజోద్యోగముగలవాడు కామన్సు సభలో నుండరాదని 1701 నాటి వారసత్వ చట్టమున శాసించిరి. మంత్రులకు సడలింపు కలిగినను, మంత్రిపదవి స్వీకరించినవాడు మరల ఎన్నికలో నిలిచి ప్రజల సమ్మతి పొందవలసిన పద్ధతి 1926వరకు ఏదో యొక రూపమున సాగెను. కావున ఈ నిషేధము ఉద్యోగిని అవమానించుటకు పుట్టినది కాదు. ప్రభుత్వమును ప్రశ్నింపవలసిన సభ ప్రభుత్వపు జీతగాండ్రతో నిండిపోకుండుటకు పుట్టినది.

ఉద్యోగుల వాదము

ఇక ఉద్యోగుల పక్షమున చెప్పదగిన మాటలు లేకపోలేదు. వానిని న్యాయముగ వినుట మన ధర్మము.

తెలంగాణమున సుమారు 3 లక్షలమంది ప్రభుత్వోద్యోగులు పనిచేయుచున్నారని 2020లో సమర్పింపబడిన బిస్వాల్ వేతన సవరణ సంఘపు నివేదిక తెలిపెను. వీరు చదువుకొన్నవారు, పల్లె కష్టసుఖములు ఎరిగినవారు, చట్టము ఎచ్చట ప్రజలకు ఉపకరించుచున్నదో ఎచ్చట కాగితముపైననే నిలిచిపోవుచున్నదో ప్రత్యక్షముగ చూచినవారు. 25 యేండ్లు నిండిన పౌరుడెవడైనను శాసనసభకు నిలువవచ్చునని చెప్పి, చదివిన యువకులలో ఇంత పెద్ద భాగమును తలుపు బయట నిలుపుట రాజ్యమునకు నష్టము కాదా యని వారడుగుచున్నారు. పదవీ విరమణానంతరము నిలువవచ్చునని చెప్పుట సులభమే. కాని 2021లో తెలంగాణ ప్రభుత్వము విరమణ వయస్సును 61 యేండ్లకు పెంచినది. అంతవరకు వేచియుండుమనుట, సేవ చేయదగిన వయస్సంతయు గడచిన పిదప రమ్మనుటయే.

తెలంగాణ యుద్యమమున ఉద్యోగులు వహించిన పాత్రయు మరువదగినది కాదు. 2011 సెప్టెంబరు 13న ప్రారంభమై 42 దినములు సాగిన సకల జనుల సమ్మెలో కార్యాలయములు మూతపడినవి, బడులు మూతపడినవి, జీతములు ఆగినవి. ఉద్యోగులు వెనుకంజ వేయలేదు. ఆ యుద్యమపు నాయకులే తరువాత ప్రజాప్రతినిధులైరి. ఎన్‌జీవోల నాయకుడు స్వామిగౌడు 2012లో పదవీ విరమణచేసి, 2013లో పట్టభద్రుల స్థానమునుండి శాసనమండలికి ఎన్నికై, 2014 జూలైలో మండలి అధ్యక్షుడయ్యెను. గెజిటెడు అధికారుల సంఘపు నాయకుడు శ్రీనివాసగౌడు ఉద్యోగము వదలి 2014లో మహబూబునగరమునుండి గెలిచి, 2019లో మంత్రియయ్యెను. అందరిని అదృష్టము వరింపలేదు. ఎన్‌జీవోల సంఘమునకు అధ్యక్షుడుగ నుండిన దేవీప్రసాదరావు 2015లో ఉద్యోగము వదలి హైదరాబాదు–రంగారెడ్డి–మహబూబునగరము పట్టభద్రుల స్థానమునకు నిలిచి ఓడిపోయెను.

ఈ ముగ్గురి విషయమున గమనింపదగిన దొకటి కలదు. ముగ్గురును ముందు ఉద్యోగమునుండి వెలికి వచ్చిరి, పిదప వోటు నడిగిరి. జాతీయోద్యమమునందును మర్యాద ఇదియే. సుభాష్‌చంద్రబోసు 1921లో ఐ.సి.ఎస్. పదవిని త్యజించిన పిదపనే రాజకీయరంగమున ప్రవేశించెను. 1921–22లో గుంటూరు జిల్లా పెదనందిపాడు ఫిర్కాలో పన్నుల నిరాకరణ సాగినప్పుడు గ్రామోద్యోగులు మూకుమ్మడిగ రాజీనామాలిచ్చిరి. దొర కొలువులో నుండి దొరను ధిక్కరించుట తగదని వారు భావించిరి. త్యాగము ముందు, ప్రాతినిధ్యము వెనుక. ఈ క్రమమును తలక్రిందులు చేయుటకు ఉద్యోగుల వాదములలో దేనికిని బలము చాలదు.

ఉద్యోగములో నుండి నిలిచినచో

నిషేధము లేదనుకొందము. ఫలితమెట్లుండును? తహశీల్దారు తన మండలముననే అభ్యర్థియైనచో పట్టాదారు పాసుపుస్తకమునకై వచ్చిన రైతు అతనికి ఎదురు చెప్పగలడా? పోలీసు ఇన్‌స్పెక్టరు అభ్యర్థియైనచో ఎదుటి పక్షమువాడు రాత్రివేళ నిర్భయముగ గోడపత్రము అంటింపగలడా? ఎనుమాముల మార్కెటులో అడ్తిదారునకు లైసెన్సు ఇచ్చుటయు, దడువాయి తూకముపై వచ్చిన ఫిర్యాదును విచారించుటయు మార్కెటు ఉద్యోగుల చేతిలోనే యున్నవి. ఆ యుద్యోగి అభ్యర్థియైనచో అడ్తిదారు విరాళమిచ్చును, హమాలీ జెండా మోయును, రైతు నోరు మూసికొని వోటు వేయును. ఇందులో ఏ యొక్కటియు స్వేచ్ఛతో చేసినది కాదు.

ఓడిన పిదప సంగతి మరింత కఠినము. గెలిచినవాడు సభకు పోవును. ఓడినవాడు అదే కుర్చీకి తిరిగివచ్చును. తనకు వోటు వేయని గ్రామము పేరు అతనికి తెలియును. అర్జీ పట్టుకొని వచ్చిన రైతు ముఖమున అతడు అర్జీని చూచునా, వోటును చూచునా? అతడు ధర్మాత్ముడై నిష్పక్షపాతముగ నడచుకొనినను రైతు నమ్మడు. నమ్మిక పోయినచో కచేరీకి మిగులునది గోడలు మాత్రమే. పూర్వము పటేలు పట్వారీల చేతిలో పల్లె యెట్లు నలిగినదో పెద్దలకు జ్ఞాపకమున్నది. లెక్కలు వ్రాయు చేయియే పెత్తనము చేయు చేయియైనప్పుడు భూమిగలవాడును లేనివాడును ఒకే విధముగ భయపడెను. 1984లో ఆ వ్యవస్థను రద్దుచేసినప్పుడు పల్లెలు హర్షించుటకు కారణమిదియే.

ద్వారపాలకుని యిష్టము

ఇంతవరకు చట్టము సరిగనే యున్నది. చిక్కంతయు ఉద్యోగము వదలు ఘట్టమున నున్నది. రాజీనామా గాని స్వచ్ఛంద విరమణ గాని ప్రభుత్వము ఆమోదించిననే చెల్లును. ప్రభుత్వమనగా అధికారమునందున్న పక్షము. ఎన్నికలో పోటీచేయు పక్షములలో ఒకటి ఆ ద్వారమునకు కాపలాదారుగ నిలుచుచున్నదన్నమాట.

దీని పర్యవసానము కొలది సంవత్సరములలోనే మన కన్నులయెదుట గానవచ్చినది. సిద్దిపేట జిల్లా కలెక్టరుగ నుండిన పి. వెంకట్రామిరెడ్డి 2021 నవంబరు 15న పదవీత్యాగము చేసెను. ఆనాడే అది ఆమోదింపబడెను. మరునాడే ఆయన అధికారపక్షపు అభ్యర్థిగ శాసనమండలికి నామినేషను వేసి సభ్యుడయ్యెను. నిన్నటివరకు జిల్లా యంతటికిని ప్రభుత్వపు ముఖముగ నుండిన యధికారి నేడు ఒక పక్షపు ముఖమయ్యెను. ఆయన చట్టమునకు విరుద్ధముగ నడచినాడని మేమనుట లేదు. చట్టము అట్టిదానికి అవకాశమిచ్చినదని మాత్రమే చెప్పుచున్నాము.

రెండవ యుదాహరణమును చూడుడు. అనంతపురము జిల్లా కదిరిలో సర్కిల్ ఇన్‌స్పెక్టరుగ నుండిన గోరంట్ల మాధవ్ 2019 ఎన్నికలకు ముందు స్వచ్ఛంద విరమణ కోరెను. ఆయన చేరదలచినది ప్రతిపక్షము. విరమణకు ఆమోదము రాలేదు. ఆయన పరిపాలనా ట్రిబ్యునలు నాశ్రయించి ఉత్తరువు పొందవలసివచ్చెను. పిదప హిందూపురమునుండి లోకసభకు గెలిచెను. మధ్యప్రదేశమున డిప్యూటీ కలెక్టరు నిశా బాంగ్రే 2023 జూన్ నెలలో రాజీనామా చేయగా అక్టోబరు చివరివరకు ఆమోదము లభింపలేదు. అప్పటికి ఆమె నిలువదలచిన ఆమ్లా స్థానమునకు ఆమె కోరిన పక్షము వేరొకరిని ప్రకటించియుండెను.

ఒకరికి ఒక్క దినము, మరియొకరికి న్యాయస్థానపు మెట్లు, వేరొకరికి నాలుగు నెలలు. నియమమొక్కటే, ఫలితములు మూడు! అధికారులు ఎన్నికల ముందు ఏ పక్షమునకు చేరువగ నుండిన మేలను పాఠమును ఈ వ్యత్యాసము నేర్పుచున్నది. తలుపు తీయువాడు ఎవడో తెలిసిన యుద్యోగి, పదవిలో నుండగనే ఆ ద్వారపాలకుని మెప్పించుటకు ప్రయత్నించును. ఇట్లు నిషేధము దేనిని నివారించుటకు పుట్టినదో ఆ దోషమే వెనుక ద్వారమున ప్రవేశించుచున్నది.

మర్యాదతో కూడిన మార్గమును చూపినవారును లేకపోలేదు. జయప్రకాశ్ నారాయణ్ 1996లో ఐ.ఏ.ఎస్. వదలి, 13 యేండ్లు ప్రజలమధ్య పనిచేసి, 2009లో కూకట్‌పల్లినుండి శాసనసభకు గెలిచెను. ఆర్.ఎస్. ప్రవీణ్‌కుమార్ 2021లో ఐ.పి.ఎస్. వదలి 2023లో సిర్పూరున నిలిచి ఓడెను. గెలుపోటములను ప్రక్కనుంచి చూచినచో, వీరు అధికారమును వదలుటకును వోటు నడుగుటకును మధ్య ప్రజలు తీర్పరులగుటకు చాలినంత కాలము గడిచినది. కాని చట్టము మనుష్యుల సౌజన్యముపై ఆధారపడరాదు.

చిన్న యుద్యోగి కష్టము

ఇంకొక యసమానతను ఎవ్వరును అంతగ గమనించుట లేదు. 20 సంవత్సరముల సర్వీసు నిండినవాడు స్వచ్ఛంద విరమణ తీసికొని పింఛనుతో వెలికి రావచ్చును. అంత సర్వీసు లేనివాడు రాజీనామాయే చేయవలెను. రాజీనామా చేసినచో గడచిన సర్వీసంతయు రద్దగునని పింఛను నియమములు చెప్పుచున్నవి. 2004 సెప్టెంబరు 1 తరువాత నియుక్తులైనవారికి పాత పింఛనే లేదు. ఫలితమేమి? పెద్ద యధికారి పింఛను చేతబట్టుకొని ధైర్యముగ పోటీచేయును. పండ్రెండేండ్లు బడిపంతులుగ పనిచేసినవాడు పోటీచేయదలచినచో ఇంటిల్లిపాది జీవనాధారమును పణముగ నొడ్డవలెను. పల్లెలను భయపెట్టగల శక్తి కలవానికి దారి సుగమము, ఎవ్వరిని భయపెట్టలేనివానికి దుర్గమము. న్యాయము దీనికి సరిగ వ్యతిరేకముగ నుండవలసినది.

ఉపాధ్యాయుల విషయమున వింత మరింత స్పష్టము. రాజ్యాంగపు 171వ అధికరణము శాసనమండలిలో పండ్రెండవ వంతు స్థానములను ఉపాధ్యాయులు ఎన్నుకొనవలెనని విధించినది. వరంగల్లు–ఖమ్మము–నల్లగొండ ఉపాధ్యాయ స్థానము అట్టిదే. 2019లో అలుగుబెల్లి నర్సిరెడ్డియు, 2025లో పింగిళి శ్రీపాల్‌రెడ్డియు ఉపాధ్యాయ సంఘముల బలముతో అచ్చట గెలిచిరి. అయినను ప్రభుత్వ పాఠశాలలో పనిచేయుచున్న ఉపాధ్యాయుడు ఆ స్థానమునకు వోటు వేయగలడుగాని నిలువలేడు. ఉపాధ్యాయుడు కానివాడు మాత్రము నిలువవచ్చును! పట్టభద్రుల స్థానమునకు నిలుచువాడు పట్టభద్రుడే కానక్కరలేదని సుప్రీంకోర్టు 1972లో మద్రాసుకు సంబంధించిన వ్యాజ్యములో తీర్మానించెను. ఉపాధ్యాయుల గొంతు వినిపించుటకని ఏర్పరచిన స్థానమున, బడిలో సుద్దముక్క పట్టియున్నవాడే అనర్హుడగుట చిత్రము. కాకతీయ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగ పనిచేసిన సీతారాం నాయక్ 2014లో మహబూబాబాదునుండి లోకసభకు గెలిచెను. బోధించువాడు ప్రజాప్రతినిధియైనంతమాత్రమున లోకము తలక్రిందులు కాదని ఇట్టి దృష్టాంతములు చూపుచున్నవి.

ఇతర దేశముల పద్ధతులు

ఇతర దేశములు ఈ చిక్కును పలు విధముల పరిష్కరించుకొన్నవి. ఇంగ్లండులో ఉద్యోగి నామినేషనుకు ముందే రాజీనామా చేయవలెను. అమెరికాలో 1939 నాటి హాచ్ చట్టము సమాఖ్య ప్రభుత్వోద్యోగులు పక్షములు పోటీపడు ఎన్నికలలో అభ్యర్థులగుటను నిషేధించుచున్నది. జర్మనీలో ఉద్యోగి సభకు ఎన్నికైనచో అతని యుద్యోగపు హక్కులును విధులును సభ్యత్వకాలమున నిలిచిపోయి, తరువాత మరల సజీవములగును. ఫ్రాన్సులోను ఎన్నికైన యుద్యోగి కొలువునకు దూరముగ నుంచబడి, పిదప తిరిగి చేరగలడు. అయితే అచ్చట ఉద్యోగి పల్లెకు ప్రభువు కాడు. చదువు, ఆస్తి, న్యాయస్థానము అందరికి అందుబాటులో నున్నచోట అధికారి భయము కొంత తక్కువ. మన పల్లెలలో ఒక్క సంతకమునకై పదిసార్లు తిరుగు రైతున్నంతవరకు ఆ పద్ధతిని ఉన్నదున్నట్లు తెచ్చుకొనుట వివేకము కాదు. కాని తిరిగిచేరు హక్కును అధికారబలము లేని కొలువులకు మాత్రము పరిమితము చేసినచో దానినుండి మనము నేర్చుకొనదగినది కలదు.

చేయదగినది

అధికారులు పదవి వదలిన పిదప కొంతకాలము ఎన్నికలలో నిలువరాదను వ్యవధిని ఎన్నికల సంఘము 2012లోనే కేంద్రమునకు సూచించెను. ఆ సూచన ఫలింపలేదు. అట్టి నియమము కావలెనను వ్యాజ్యమును 2022 మే నెలలో సుప్రీంకోర్టు త్రోసివేయుచు, అది శాసనకర్తలు ఆలోచింపవలసిన విషయమనెను. విరమించిన ఐ.ఏ.ఎస్. అధికారి ఒక సంవత్సరములోపల వ్యాపార సంస్థలో చేరదలచినచో ప్రభుత్వపు అనుమతి పొందవలెను. వ్యాపారమునకు వ్యవధి వలయును, రాజ్యాధికారమునకు అక్కరలేదా? ఒక కంపెనీకి మేలు చేసియుండునేమో యను సందేహమునకు సంవత్సరకాలము చాలునన్నచో, ఒక పక్షమునకు మేలు చేసియుండునేమో యను సందేహమునకు దినమైనను అక్కరలేదనుట యెట్టి న్యాయము?

కావున మా సూచనలివి. మొదటిది: ఉద్యోగమునందుండి పోటీచేయరాదను రాజ్యాంగ నిషేధము యథాతథముగ నుండవలెను. రెండవది: కలెక్టర్లు, పోలీసు అధికారులు, రెవిన్యూ అధికారులు, ఎన్నికల నిర్వహణలో పాల్గొనువారు, ప్రజల భూమిపైనను పంటపైనను వ్యాపారముపైనను అధికారము గలవారు, పదవి వదలిన తరువాత ఒక సంవత్సరము గడచువరకు, తాము కడపట పనిచేసిన ప్రాంతమునుండి శాసనసభకు గాని, ఎచ్చటినుండియైనను మండలికి గాని నిలువరాదు. మూడవది: రాజీనామా యిచ్చిన 30 దినములలోపల ప్రభుత్వము నిర్ణయము తెలుపవలెను. తెలుపనిచో ఆమోదించినట్లే భావింపవలెను. విచారణ పెండింగులో నున్నదను కారణమున నిరాకరింపదలచినచో ఆ కారణమును లిఖితపూర్వకముగ ప్రకటింపవలెను. నాలుగవది: ఉపాధ్యాయులు మొదలగు అధికారబలము లేని కొలువులవారికి జీతము లేని సెలవుపై పోటీచేయుటకు వీలు కల్పించి, ఓడినచో వేరొక జిల్లాలో కొలువునకు చేరునట్లు ఏర్పాటు చేయవలెను. గెలిచినచో సభ్యత్వకాలమున కొలువుతో వారికి సంబంధముండరాదు. ఇందులకు మొదటి ప్రయోగస్థలముగ శాసనమండలి ఉపాధ్యాయ స్థానములు తగియున్నవి.

ఈ సంస్కరణమునకు ఏ పక్షమును తొందరపడదని మే మెరుగుదుము. నేడు తలుపుదగ్గర నిలిచిన పక్షమునకు తాళపుచెవి తీపి. రేపు బయట నిలిచినప్పుడు మాత్రము అదే తాళము చేదు. పక్షములు మారుచుండును గాని పల్లెలోని రైతు మారడు, అతడు కచేరీకి పోవు దారియు మారదు. అతని అర్జీపై సంతకము చేయువాడు రేపటి అభ్యర్థి యేమోయను శంక అతనికి కలుగని నాడే మన యెన్నికలు నిజమైన స్వేచ్ఛతో సాగుచున్నవని చెప్పవచ్చును. చదువుకొన్నవారు, భూమిగలవారు, పట్టణవాసులు తమ శాసనసభ్యులను ఈ విషయమై ప్రశ్నింపవలెనని మా మనవి. తదుపరి సాధారణ ఎన్నికల ప్రకటన వెలువడిన పిదప ఈ చర్చను లేవదీసినచో ఆలస్యమగును. ఎన్నికల వేడి లేని కాలముననే చట్టములు నిష్పక్షపాతముగ రచింపబడును.